పెడలు తొక్కనన్న హనుమాండ్లు

మీకు నోళ్ళున్నయా లేవా? ఇంట్ల మనిషి పోతె ఫోటో గోడకేస్తరు, దండేస్తరు, దండ ఎండిపోయి రాలిపడ్డంక సుత అటు దిక్కు సూడరు. గా మూలకున్న ఫోటోల, నొసలు నడుమ రేగ్గాయంత బుడిపె ఉన్నాయన ఎవలే నానమ్మా, గా బుడిపె ఎట్లొచ్చిందే అని మీల ఒక్కరన్న అడిగిండ్రా? అడగలె. దినాం చెవులల్ల గా పుల్లలు వెట్టుకొని గిటారు పాటలు ఇంటరు, తలకాయలు ఊపుతరు. మనింట్లనే గిటారు వాయించినోడుండె. మీ తాత తమ్ముడు, హనుమాండ్లు. గా బుడిపె గిటారు వాయించంగనే ఒచ్చింది. గిటారు చేతులతోని గదా వాయిస్తరు, బుడిపె నొసలుకెందుకొచ్చిందే అని ఇప్పుడు మొకాలు సూస్తుండ్రు. ఫోన్లు పక్కకువెట్టుండ్రి, చెప్త.

హనుమాండ్లు సనత్‌నగర్ల మోటర్ల కంపెనీల ముప్పై ఏండ్లు పనిజేసిండు. కాలిపోయిన మోటర్ల పాత రాగితీగ ఊడవీకి కొత్త తీగ చుట్టుడు ఆయన పని. చెయ్యి మంచిది, నోరు లేదు. గా షెడ్డుల మోతకు ఎవడేమన్నది ఎవనికీ ఇనరాదు. ఆయన ఏదన్న అంటె పక్కోడు "ఆఁ?" అంటడు. మల్ల అంటె మల్ల "ఆఁ?" అంటడు. మూడోపారికి ఈయనే ఊకుంటడు. ముప్పై ఏండ్లు గట్లనే గడిచింది. ఇంటికొస్తె సీతాబాయి. ఆమె నోరు తెరిస్తె మోటర్లే నయం. నా యారాలు గాబట్టి నేననొచ్చు, మీరనొద్దు.

ఇగ కాలు సంగతి. పుస్తకానికి కాలు తగిల్తె ముట్టి కండ్లకద్దుకునుడు మనందరికి ఉన్నదే. మనిషికి తగిల్తె సుత మొక్కుతం. హనుమాండ్లు దాన్ని గంతటితోని ఇడిసిపెట్టలె. నట్లు ఇప్పే పానకు తగిల్తె మొక్కుతడు. స్క్రూడ్రైవరుకు తగిల్తె మొక్కుతడు. ఒకపారి బస్సుల ఎవని కాలో తొక్కిండు, మొక్కుదామని వంగిండు. గాయన ఈనె జేబు కోస్తుండనుకొని చెంపమీద ఒక్కటిచ్చిండు. చెంప రుద్దుకుంట సుత మొక్కినంకనే లేచిండట. కంపెనీల మొదట్ల కాలుతోని తొక్కే ప్రెస్సు మిషనుమీద ఏసిండ్రు. తొక్కినప్పుడల్ల వంగి మొక్కవట్టె. దినానికి నాలుగు వందల రేకులు గొట్టేకాడ నలభై గొట్టిండు. సూపర్వైజరే చేతులు జోడించి, నాయినా నువ్వు చేతులతోనే చేసే పని జూస్కో అని తీగ చుట్టుడుకు మార్చిండు.

సీతాబాయి కుట్టు మిషనుమీద జాకిట్లు కుడుతుండె. ఒకనాడు అడిగింది.

"పొద్దంత నేను మిషను తొక్కుతున్న గదా, మరి నాకు పాపం తగుల్తలేదా?"

"అది లక్ష్మి. లక్ష్మి ఓర్సుకుంటది. సరస్వతి ఓర్సుకోదు."

"గందుకేనా లక్ష్మి మనింట్ల నిలుస్తలేదు? తొక్కుడు వడ్తలేక ఉరికిపోతున్నట్టున్నది."

 

యాభై నిండంగ కంపెనీ మూతవడ్డది. అమీర్‌పేటల కోచింగు సెంటర్ల ఎనుక గల్లీ లేదా, ఆడ ఒక షట్టరు దీస్కొని మిక్సీలు, ఫ్యాన్లు బాగుజేసుడు వెట్టిండు. మిక్సీల కంటె కెటిల్లే ఎక్కువ ఒస్తుండె. హాస్టళ్ళల్ల పిల్లలు నీళ్ళు కాగవెట్టే కెటిల్ల మ్యాగి ఒండుతరు, పప్పు ఒండుతరు, ఒకామె చాపల కూర ఒండిందట. మాడగొట్టి పట్టుకొస్తరు, నేనేం జెయ్యలే అంకుల్, అదే కాలిపోయింది అంటరు.

గట్లనే కెటిలు పట్టుకొని రవళి అని ఒకామె ఒచ్చింది. విశాకపట్నం పిల్ల, కంప్యూటరు కోర్సు చేస్తుండె. కెటిలు అయినంక బ్యాగుల కెల్లి సబ్బుపెట్టె అంత ఇనుప డబ్బ తీసింది. దానికి మీద మూడు తిప్పుడు బుడ్డలు, ఒక ఎర్ర లైటు, కిందికి ఒక లావు బటను.

"అంకుల్, ఇది కూడా చూస్తారా? నొక్కితే పని చేయట్లేదండి."

"ఏందమ్మా ఇది? దోమల మిషనా?"

"గిటార్ పెడల్ అంకుల్. గిటార్ వైరు ఇటు గుచ్చాలి, ఇంకో వైరు అటు స్పీకర్‌కి. మధ్యలో ఇది సౌండు మారుస్తుంది."

ఇప్పి సూస్తె లోపల ఒక తీగ ఊడిందంతె. అతుకు వెట్టిండు. రవళి మరునాడు గిటారు, చిన్న స్పీకరు పెట్టె పట్టుకొచ్చి దుకాణంలనే గుచ్చి సూశింది. ముందు ఉత్త గిటారు వాయించింది. టింగు టింగున, గిలాసల చెంచ గొట్టినట్టు, మంచిగనే ఉన్నది గని సప్పగ ఉన్నది. మల్ల చెప్పు ఇడిసి, కాలు లేపి, గా పెడలుమీద ఒక్క తొక్కు తొక్కింది.

గర్రుమన్నది. గదే గిటారు, గదే తీగ, గదే వేలు. సన్నగ ఏడుస్తున్న పిల్లగాడు ఒక్కపారే మీసాలొచ్చి బొబ్బవెట్టినట్టయ్యింది. పక్క జిరాక్సు దుకాణపాయన బయటికొచ్చి ట్రాన్స్‌ఫార్మరు వేలిందా అని పైకి సూశిండు.

హనుమాండ్లుకు రోమాలు లేచినయి. ముప్పై ఏండ్లు మోటరు మోతల నోరు మూస్కున్నాయన. మోతను మనిషి వేలుకొనతోని పట్టుకొని, ఇటు తిప్పితె కోపం, అటు తిప్పితె బుజ్జగింపు చెయ్యొచ్చని ఆనాడే ఎరుకైంది. గని నోట్ల కెల్లి ఒచ్చిన మొదటి మాట ఏందో ఎరికేనా?

"అమ్మా, కాలు."

"ఏమైంది అంకుల్?"

"సంగీతం డబ్బ గదమ్మా, కాలువెట్టినవు. సరస్వతి ఉంటది."

"కాలితోనే నొక్కాలి అంకుల్, చేతులు ఖాళీ ఉండవు కదా. అయినా దీంట్లో సరస్వతి ఎక్కడుంటుంది, తొమ్మిది ఓల్టుల బ్యాటరీ ఉంటుంది."

ఆమె గడప దాటేదాక ఊకొని, మల్ల పెడలు పట్టుకొని ఎనుకకు రమ్మని పిలిచి, ఆమె తరఫున తానే ముట్టి కండ్లకద్దుకున్నడు.

రెండు నెల్లకు రవళికి పుణెల నౌకరొచ్చింది. పోయేముందు గిటారు, స్పీకరు పెట్టె, పెడలు, మూడింటిని తెచ్చి దుకాణంల వెట్టి, మీరు వాయించుకోండి అంకుల్, నాకంటే మీకే ఎక్కువ పిచ్చి ఉంది అన్నది. యాభై మూడేండ్ల ముసలోడు గిటారు నేర్సుడు షురూ జేసిండు. ఎనిమిది నెల్లకు తీగలమీద వేళ్ళు వెట్టే పట్లు మూడు ఒచ్చినయి. ఇంట్ల వాయిస్తె సీతాబాయి తలుపు సప్పుడు జేస్తది, దుకాణంల వాయిస్తె మ్యాగి పిల్లలు మెచ్చుకుంటరు. గందుకే దుకాణంలనే ఉండవట్టె.

పెడలు బుడ్డలు తిప్పుడు మాత్రం ఆయనకు నేర్పే పని లేకుండె. ఒకటి సప్పుడు ఎంతనో, ఒకటి గరగర ఎంతనో, ఒకటి గొంతు సన్నమా లావా అని. పులుసుకు ఉప్పు, కారం, చింతపండు లెక్క. గరగర ఎక్కువైతె పాటే ఇనరాదు, కారమెక్కువైతె పులుసేందో ఎరుకగానట్టు. కోఠికి పోయి సామాను తెచ్చి, స్టీలు వక్కలడబ్బల ఇంకో పెడలు తానే చేసిండు. అది ఎకో పెడలు. ఒకటి వాయిస్తె మూడుపార్లు ఇనొస్తది, బాయిల ఒర్రినట్టు. ముందు ఎకో గుచ్చి దానెనుక గరగర గుచ్చిండు, ఇగ ఒకటే బురద. రవళికి ఫోను జేస్తె ఆమె నవ్వి, గరగర ముందు, ఎకో వెనక పెట్టండి అంకుల్ అన్నది. సీతాబాయి పక్కకెల్లి ఇని, "పోపు ఏగక ముందే నీళ్ళువోస్తె గట్లనే ఐతది, గదానికి పుణెకు ఫోనెందుకు?" అన్నది.

గప్పుడే ప్రేమ్ సాగర్ కథలకొచ్చిండు. పంజాగుట్టల ఉంటడు, ఆదివారం చర్చిల కీబోర్డు వాయిస్తడు, తక్కిన దినాలు పెండ్లిళ్ళకు, మండపాలకు ఆర్కెస్ట్రా నడిపిస్తడు. ఆయన పెండ్లాం జీవమణి పాడేది. టేబులు ఫ్యాను బాగుజేపిచ్చుకోను ఒచ్చి, షట్టరు ఎనుక గిటారు ఇన్నడు. మోత ఇని నిలవడ్డడు.

"అన్నా, గీ టోన్ ఏడికెల్లి తెచ్చినవే? మావోడు పెండ్లి జేస్కొని గిటారు మానేసిండు. నువ్వొస్తవా?"

హనుమాండ్లు గప్పుడే తల ఊపిండు. ఎదురుంగ మనుషులు కూసోని, మైకులల్ల తన సప్పుడు ఇంటరు. ఎవడు "ఆఁ?" అనడు. ఇంక ఏం కావాలె ఆయనకు? పెండ్లిసూపులప్పుడు సుత గంత గుబులు వడలేదట, సీతాబాయే చెప్పింది.

ప్రేమ్ సాగర్ ఇంట్ల ప్రాక్టీసు వెట్టిండ్రు. జీవమణి పాటందుకున్నది. పాట నడుమ గరగర రావాలె. హనుమాండ్లు కండ్లు మూసుకొని, పండ్లు బిగవట్టి, పెడలు తొక్కిండు. తొక్కి, గిటారు ఇడిసి, వంగి, పెడలు ముట్టి, కండ్లకద్దుకొని లేచిండు. గప్పటికి పాట నాలుగు తాళాలు ముంగటికి పోయింది.

"అన్నా, ఏమన్న కింద వడ్డదా?"

"లేదు తమ్మీ. కాలు తగిలింది."

"తగల్లే గదనే, నువ్వే తొక్కినవు."

"గందుకే."

రెండో పాటల గంతె. మూడో పాటల గంతె. నాలుగోదాంట్ల వంగినప్పుడు గిటారు కొస తబలాయన చెవుకు తాకింది. జీవమణి చున్ని నోట్ల గుక్కుకొని నవ్వవట్టింది. ప్రేమ్ సాగర్ నవ్వలె.

"అన్నా, నీ టోన్ బంగారం. గని పాట ఒకదిక్కు, నువ్వొకదిక్కు. వినాయక చవితికి ఐదోనాడు పంజాగుట్ట గల్లీ మండపంల మనకు ప్రోగ్రామున్నది. ఆ ఒక్కటి ఇస్త. నడుమ ఒక్కపారి వంగినవంటె గదే ఆఖరు, యూసుఫ్‌గూడల ఇంకో గిటారోడున్నడు, వాణ్ణి పిలుస్త. బాధపడొద్దు."

మూడు వారాలున్నది. ఇగ సూడుండ్రి, ఆయన పరేషాన్. పెడలు పక్కకు స్టూలుమీద వెట్టి చేతితోని నొక్కిండు. చెయ్యి డబ్బమీదికి పోతె గిటారు ఊకుంటది, గిటారుమీదికొస్తె డబ్బ ఊకుంటది, ఇద్దరు పెండ్లాలున్నోని లెక్క. మోచేతితోని కొట్టి సూశిండు, నరం తగిలి జివ్వుమన్నది, మూడు దినాలు చాయగిలాస ఎత్తరాలె. మోకాలుతోని నొక్కుదామా అని మనసుకొచ్చింది. గని మోకాలు కాలా, కాదా? గల్లీ గుడిల అయ్యగారిని అడగవోయిండు.

"అయ్యగారు, మోకాలు కాలు కిందికొస్తదా?"

"ఎవరిని తన్నావు నాయనా?"

"తన్నలే. నొక్కాలె."

అయ్యగారు బాగసేపు సోంచాయించి, మోకాలు కింద కాలు, మోకాలు పైన తొడ, మోకాలు పొలిమేర అన్నడు. పొలిమేరల ఏముంటదో ఎవలకెరుక, దాని జోలికి పోవద్దని ఈనె ఒచ్చిండు.

ఆఖరుకు సీతాబాయిని పక్కకు కూసోవెట్టుకొని, నేను తల ఊపినప్పుడు నువ్వు నొక్కు అన్నడు. ఆమె తనకు బుద్ధి పుట్టినప్పుడు నొక్కవట్టె.

"నేను తల ఊపలే గదనే?"

"ఈడ మంచిగుంటదనిపిచ్చింది, నొక్కిన. బాగలేదా?"

బాగనే ఉన్నది. గదే ఆయన కోపం. లొల్లి ముదిరింది. సీతాబాయి లేచి కొంగు దులుపుకున్నది.

"చెయ్యి ఖాళీ లేదు, కాలు వనికిరాదు, పెండ్లాం వనికిరాదు. ఇగ తలకాయతోని కొట్టుకో. అది ఎట్లైనా ఖాళీగనే ఉన్నది."

ఆమె అన్నం ఒండవోయింది. హనుమాండ్లు ఆడనే నిలవడ్డడు. తిట్టింది తిట్టు అనుకోలె ఆయన. నొసలు ఆనిస్తె మొక్కినట్టే గదా? ముందు తొక్కి ఎనుక మొక్కుడెందుకు, నొక్కుడే మొక్కుడైతె ఒక్క పనితోని రెండు తీరుతయి. ఉరికివోయి వంటింట్ల, "సీతా, నీకు దిమాకున్నదే" అన్నడు. ముప్పై ఏండ్లల్ల మొగడు మొదటిపారి మెచ్చుకున్నడు, ఎందుకు మెచ్చుకున్నడో ఆమెకు తెల్వలె. పప్పుల ఉప్పు రెండుపార్లు ఏసింది.

మెడ ఎత్తుకు ఒక ఇనుప స్టాండు చేసి రెండు పెడళ్ళు దానిమీద బిగిచ్చిండు. గట్టి బటన్లు పీకి టేబులు లైటుకుండే మెత్తటి బటన్లు వెట్టిండు. నొసలు గురి తప్పకుండ ఒక్కోదానిమీద గుండ్రటి స్టీలు డబ్బ మూత అతికిచ్చిండు. ముంగట ఎర్ర లైటు. దినాం రెండొందలపార్లు నొసలు కొట్టవట్టె. వారంలల్ల బుడిపె లేచింది. గదే బుడిపె, గా ఫోటోల ఉన్నది. దుకాణానికొచ్చిన పిల్లలు, అంకుల్ ఎవరు కొట్టిండ్రు అని అడిగేది. నేనే అంటుండె.

ప్రేమ్ సాగర్ ఒచ్చి సూశిండు. పాట ఏడ ఆగలె, తాళం తప్పలె. "అన్నా, మేము ప్రార్థనల తలకాయ వంచుతం గని కరెంటు డబ్బకు వంచలే" అన్నడు. మల్ల ఒక మాట గట్టిగ చెప్పిండు. తన దగ్గరున్న ఇంకో పెడలు తెచ్చి, స్పీకరు పెట్టె ముంగట నేలమీద వెట్టిండు. దాన్ని ఒక్కపారి నొక్కితె గిటారు సప్పుడు మొత్తం బందైతది, ఇంకోపారి నొక్కితె మల్ల ఒస్తది.

"నువ్వు సొంతంగ చేసిన డబ్బలు ఎప్పుడేం కూస్తయో తెల్వది. కూసినయంటె ఇది తొక్కు. ఇది నాది, దీని పాపం నా ఖాతల ఏస్కుంట. తొక్కుతవా?"

"తొక్కుత తమ్మీ."

అన్నడు గని, అన్నప్పుడు పెడలు దిక్కు సూడలె.

ఐదోనాడు పొద్దుగూకెటాళ్ళకు మండపం కాడ కుర్చీలేసిండ్రు. గల్లీ నిండ మనుషులు. హనుమాండ్లు కొత్త అంగి తొడుక్కొని, ఇంత పెద్ద కుంకుమ బొట్టు వెట్టుకున్నడు. మొదటి పాట, గణపతి పాట, షురూ ఐంది. నొసలు ఆనిచ్చిండు, గర్రుమన్నది. జనం ఇటు తిరిగిండ్రు. ఇంకోపారి ఆనిచ్చిండు, ఎకో ఒచ్చింది. జనం సప్పట్లు గొట్టిండ్రు. ఎవడు "ఆఁ?" అనలె. ఆయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయి, నీళ్ళతోని మూత మసకగ కనవడ్డది, ఐనా గురి తప్పలె.

గని ఆడోళ్ళ కండ్లకు ఏం కనవడ్డదో సోంచాయించుండ్రి. స్టాండుమీద రెండు గుండ్రటి మూతలు, ధగధగ మెరుస్తున్నయి. ముంగట ఎర్రగ దీపం. నెత్తి వంచి వంచి మొక్కుతున్న ముసలాయన. ఆయన బొట్టు మూతలకు అంటి, మూతలకు సుత బొట్లొచ్చినయి.

మండపం కమిటీ నడిపిచ్చే రామకృష్ణ తల్లి ఉదయలక్ష్మి ముంగటి వరుసల ఉన్నది. పక్కామె నడిగింది.

"గది ఏ దేవుడే?"

"ఏ దేవుడో గని అక్కా, మస్తు మహిమున్నది. ఆయన మొక్కినప్పుడల్ల గొంతు మారుస్తది."

"మరి వినాయకునికి హారతిచ్చి దానికియ్యకపోతె?"

"ఊకుంటదా? గట్లనే గర్రుమంటది."

ఇగ ఆగుతరా? రెండో పాటల ఒకామె ఒచ్చి ఎకో పెడలుకు పసుపు పూసింది. ఒకామె మూతమీద బంతిపూలు వెట్టింది. హనుమాండ్లు రెండు చేతులు గిటారుమీద, వద్దమ్మా వద్దమ్మా అని తల అడ్డంగ ఊపుతుండు, ఆళ్ళు గదేదో పూనకమనుకొని ఇంకింత భక్తితోని వెడుతుండ్రు. ప్రేమ్ సాగర్ కీబోర్డు ఎనుక కెల్లి, అమ్మా జరుగుండ్రి, గది మిషను అంటుండు. గా మోతకు ఎవలకినొస్తది.

మూడో పాట. అమ్మవారి పాట, జీవమణి గొంతు మంచిగ లేచింది. గప్పుడు ఉదయలక్ష్మి మెట్టుమీద టెంకాయ గొట్టి, రెండు చిప్పలు పట్టుకొని ఒచ్చి, గరగర పెడలుమీద నీళ్ళు మొత్తం ఒంపింది. నిండుగ, మెల్లగ, కండ్లు మూస్కొని, అభిషేకం జేసినట్టు.

పెడలు కూసింది. ముందు పిల్లి తోక తొక్కినట్టు, మల్ల లారి బ్రేకేసినట్టు, మల్ల గల్లీల ఉన్న కుక్కలన్ని ఒక్కపారే ఏడ్సినట్టు. హనుమాండ్లు నొసలుతోని కొట్టిండు. ఆగలె. బుడ్డ తిప్పిండు, చేతికి జిగట. ఉదయలక్ష్మి "అమ్మ పలికింది" అని రెండు చేతులెత్తింది. జీవమణి పాడుడు బందుజేసి చెవులు మూసుకున్నది.

"అన్నా," ప్రేమ్ సాగర్ ఒర్రిండు, "కింది పెడలు తొక్కు."

హనుమాండ్లు కాలు లేపిండు.

లేపిండు గని కిందికి దిగుతలేదు. ఇన్నేండ్లకు జనం తన సప్పుడు ఇన్నరు, ఇప్పుడు తొక్కకుంటె ప్రేమ్ సాగర్ యూసుఫ్‌గూడ వాణ్ణి పిలుస్తడు, తనకు మల్ల మిక్సీలే. వంగితె సుత గంతె, వంగితె ఆఖరని ముందే చెప్పిండు. అంత ఎరుకనే. ఎరుకైనా కాలు గాల్లనే ఉన్నది, వందలమంది ముంగట కొంగ లెక్క ఒంటికాలుమీద నిలవడ్డడు. ఎదురుంగ అంత పెద్ద వినాయకుడు. కింద సంగీతం డబ్బ. నడుమ పాతచెప్పు కాలు.

గంతట్లకే ఒంటికాలు వణికింది, ఇగ నిలవడ్తందుకు లేదు. ఏం జేసిండో ఎరికేనా? కాలు ఎనుకకు దీసి, గిటారు బొర్ల తిప్పి ఈపుమీదికి నూకి, రెండు చేతులు ముంగటికి సాపి, నిలువుకు నిలువు బొక్కబోర్ల వడ్డడు. సాష్టాంగం. నొసలు సక్కగ పొయ్యి నేలమీది పెడలుమీద వడ్డది. టక్కుమన్నది. కూత బందైంది.

గల్లీల సప్పుడు లేదు. అంత లొల్లి అయినంక ఒక్కపారే గంత నిమ్మళం. జనం ఏమనుకున్నరు? ఇది మొక్కే ఘడియ అనుకున్నరు. ముందు ఉదయలక్ష్మి పండుకున్నది. ఆమె ఎనుక ఆడోళ్ళు, ఆళ్ళ ఎనుక మొగోళ్ళు, కుర్చీలు జరిపి జాగ జేస్కొని మరీ పండుకున్నరు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబులు టోపి చంకల వెట్టుకొని మోకాళ్ళమీదికి దిగిండు. మిర్చీబండి ఆయన మంట తగ్గిచ్చి పండుకున్నడు. నిలవడ్డది ఇద్దరే, ప్రేమ్ సాగర్, జీవమణి. ఆమె సుత తలకాయ వంచింది, నవ్వు కనవడకుండ.

ప్రేమ్ సాగర్‌కు ఏం జెయ్యాలెనో తోచలె. చర్చిల మౌన ప్రార్థనకు వాయించినట్టు కీబోర్డుమీద మెల్లగ ఏదో వాయించవట్టె. హనుమాండ్లు పండుకున్నకాన్నే గిటారును పొట్ట కిందికి గుంజుకొని, నొసలుతోని ఇంకోపారి టక్కుమనిపిచ్చి, ఒక్క తీగ కదిలిచ్చిండు. గప్పటికి టెంకాయ నీళ్ళు లోపలికి ఇంకినయి. కూత పోయింది. గరగర సుత పోయింది. నడుమల ఇంకేదో గొంతు ఒచ్చింది. పొద్దంత ఒర్రి బొంగురుపోయిన ముసలాయన, మాపటికి మనుమన్ని అన్నానికి పిలిచినట్టు. ఆయన లేచి కూసొని గా గొంతుతోనే పాట ఎత్తుకున్నడు. జీవమణి అందుకున్నది. జనం దులుపుకుంట లేచిండ్రు, సప్పట్లు గొట్టుడు సుత మరిసిండ్రు.

ప్రోగ్రాము అయినంక ఆటో ట్రాలీల సామాన్లు ఎక్కిస్తుండ్రు. హనుమాండ్లు గిటారు సంచి పట్టుకొని దూరంగ నిలవడ్డడు. నొసటిమీద పెడలు అచ్చు, ముక్కుకు మట్టి.

"తమ్మీ, యూసుఫ్‌గూడ ఆయనకు నా స్టాండు ఇయ్యి. వాయిస్తె వాయిస్తడు."

ప్రేమ్ సాగర్ ఏమనవోయిండో ఏమో, గంతల రామకృష్ణ ఉరికొచ్చిండు.

"సాగరన్నా, నిమజ్జనం రోజు సుత మీరే. మా అమ్మ చెప్పింది, గా పండుకునే గిటారాయన లేకుంటె మిమ్మల్ని గల్లీలకు రానియ్యదంట. బల్కంపేట కెల్లి సుత ఇద్దరు అడుగుతుండ్రు."

ప్రేమ్ సాగర్ హనుమాండ్లును కింది కెల్లి మీదిదాక సూశిండు. 

"నేను వంగొద్దన్న."

"అవు తమ్మీ."

"నువ్వు వంగలె. పండుకున్నవు."

"అవు తమ్మీ."

"పండుకోవద్దని నేననలె. ఎక్కు ఆటో."

గట్ల ఆర్కెస్ట్రాల కుదిరిండు. ఎనిమిదేండ్లు వాయించిండు, కరోనా ఏండ్లు తీసేసి. పెండ్లిళ్ళల్ల, బోనాలల్ల, ఒకపారి చర్చి క్రిస్మసుకు సుత వాయించిండు. ఆడ పాస్టరుగారు ఈయన వంగుడు సూసి, ఈ పెద్దాయనకున్న వినయం మీకెవలకన్న ఉన్నదా అని పడుసు పిల్లలను తిట్టిండట. టెంకాయ నీళ్ళు తాగిన పెడలును ఇప్పనియ్యలె, కడగనియ్యలె. యూసుఫ్‌గూడ కెల్లి జుట్టు పెంచుకున్న పిల్లలు దుకాణానికొచ్చి, అంకుల్ గీ టోన్ కు ఏ పెడలు, ఎంత పెట్టి తిప్పాలె అని అడిగేది. ఈయన దాచలె. గరగర సగం, గొంతు ముప్పావు, ఒక టెంకాయ, ముదురుది అని చెప్పిండు. ఒక్కడు నమ్మి పోసుకున్నడు, వాని పెడలు చచ్చింది. లేత టెంకాయ పోసినవేమో అన్నడు ఈనె, ఎకసెక్కం గాదు, నిజంగనే అడిగిండు.

పుణె కెల్లి రవళి ఒకపారి ఒచ్చి ప్రోగ్రాము సూశింది. నవ్వి నవ్వి కడుపు పట్టుకొని, మల్ల కండ్లు తుడుసుకొని, ఇప్పటికైనా ఒక్కసారి కాలు పెట్టి చూడండి అంకుల్, ఎంత తేలికో అన్నది. వెట్టలె. సీతాబాయి నడుమ అందుకొని, "వెట్టడమ్మా. నేను చెప్తెనే తలకాయ వాడుడు షురూ జేసిండు, కాలు గురించి ఇంకో ముప్పై ఏండ్లు వడ్తది" అన్నది.

గన్నేండ్లు దొరకలె. పోయిన చలికాలం జరమొచ్చింది, నిమ్మోనియ అన్నరు, వారం దినాలు దవఖానల ఉండె. శుక్రవారం పొద్దుగాల పాణం పోయింది. హనుమాండ్లుకు అరవై నాలుగేండ్లు.